గడప దగ్గర కాపలా ఎవరిది?

ఈ నగరంలో ఇల్లు అద్దెకిచ్చేది మగవాడు. ఇవ్వనని చెప్పేది ఆడది. ఈ మాట మనలో చాలామందికి కోపం తెప్పిస్తుందని తెలుసు. తెలిసే రాస్తున్నాను. పరిశోధన కోసం హైదరాబాదు వచ్చిన దగ్గర్నుంచి ఏడు అద్దె ఇళ్లు మారాను. ప్రతిచోటా ఒకటే తంతు. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలది, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి - ఇవన్నీ ఇంటాయన మాట్లాడతాడు. అగ్రిమెంటు ఆయన పేరున, అద్దె జమయ్యే ఖాతా ఆయన పేరున. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న మాత్రం ఇంటావిడ వంతు. అదీ సూటిగా రాదు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతూరు, ఆ తర్వాత "నీసు తింటారా?", చివరికి "మీవాళ్లు ఎవరెవరు వచ్చిపోతుంటారు?" నేను నల్గొండ జిల్లా పద్మశాలీల ఇంటి పిల్లను. కొన్ని ఇళ్లలో ఆ జవాబు సరిపోయింది, కొన్ని ఇళ్లలో సరిపోలేదు. పెళ్లి కాలేదన్న జవాబు మాత్రం ఎక్కడా సరిపోలేదు.

నా సంగతి చిన్నది. నాతోపాటే సాహిత్యంలో డాక్టరేట్ చేసిన ముస్లిం స్నేహితురాలికి గచ్చిబౌలి వైపు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నాలుగు నెలలు ఇల్లు వెతికాం. ఫోనులో ఖాళీగా ఉన్న ఫ్లాటు ఆమె పేరు చెప్పగానే నిండిపోయేది. ఆఖరికి మన సభల్లో వేదిక మీద తరచు కనిపించే ఒక పెద్దావిడ ఫ్లాటు ఖాళీ అయిందని తెలిసి, ఇక్కడ ఇబ్బంది ఉండదులే అని తీసుకెళ్లాను. ముస్లిం స్త్రీల కవిత్వం గురించి ఆవిడ మాట్లాడగా మేమిద్దరం విన్నాం. ఆప్యాయంగా కాఫీ ఇచ్చింది. "నాకేం అభ్యంతరం లేదమ్మా, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు" అంది. అసోసియేషన్‌ని అడిగారా మేడమ్ అంటే, "అడిగి లేనిపోని గొడవ ఎందుకు?" అంది. ఇప్పుడు నా స్నేహితురాలు టోలిచౌకిలో ఉంటోంది. రోజూ రెండు బస్సులు మారుతుంది.

ఈ రెండు అనుభవాలనూ కలిపి ఒక వాదన చేయదల్చుకున్నాను. నగరంలో ఇళ్ల ధరలు పెరగడం, ఏ ప్రాంతంలో ఎవరు ఉంటున్నారన్నది మారడం - ఈ రెంటినీ మనం రెండు వేరు వేరు విషయాలుగా మాట్లాడుతున్నాం. మొదటిది ఆర్థికశాస్త్రమట, రెండోది సంస్కృతి అట. మన సెమినార్లలో కూడా "ఇది కులం కాదు, మతం కాదు, మార్కెట్" అని తేల్చేవాళ్లు పెరిగారు. నేను కాదంటున్నాను. ఈ మార్కెట్‌కి ఇంటిపేర్లు తెలుసు. గడప దగ్గర జరిగే నిరాకరణే ధరను తయారుచేస్తుంది, ఆ ధర తిరిగి నిరాకరణకు మర్యాదగల ముసుగు అవుతుంది.

ఎలాగో చూద్దాం. ఒక కుటుంబానికి నగరంలో వంద కాలనీలు తెరిచి ఉన్నాయనుకోండి, అది బేరం ఆడగలదు. కుళాయిలో నీళ్లు రాకపోతే ఖాళీ చేసి పోతామనగలదు. అదే ఆదాయం ఉన్న ఇంకో కుటుంబానికి పది కాలనీలే తెరిచి ఉంటే, ఆ పది కాలనీల్లో గిరాకీ పెరుగుతుంది, అద్దె పెరుగుతుంది, డ్రైనేజీ పొంగినా నోరు మూసుకుని ఉండాల్సి వస్తుంది. వెళ్లడానికి వేరే చోటు లేనివాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేయడం ఇంటి యజమానులకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ యజమాని కూడా అదే మతం వాడు కావచ్చు. అందువల్ల అది వివక్ష కాకుండా పోదు. 2015లో సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల పట్టణాల్లో చేసిన అధ్యయనం ఇదే చూపించింది. చదువు, ఉద్యోగం ఒకటే, పేర్లు మాత్రం వేరు. అగ్రవర్ణ పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి, దళిత పేర్లకు అంతకంటే తక్కువ, ముస్లిం పేర్లకు అన్నిటికంటే తక్కువ. దొరికిన చోట కూడా ఎక్కువ అద్దె, అదనపు షరతులు. ముస్లింలకు తాము కోరుకున్న చోట ఇల్లు దొరకడం కష్టమవుతోందని 2006లోనే సచార్ కమిటీ నివేదిక రాసింది.

హైదరాబాదుకు ఇది కొత్త కాదు. "గంగా జమునీ తెహజీబ్" అంటూ కళ్లు చెమర్చుకునే వ్యాసాలు మన పత్రికల్లో చాలా వచ్చాయి. ఈ నగరం ఏ ఒక్క జాతిదీ కాదన్నది నిజమే. నిజాం అశ్వదళంలో పనిచేసిన ఆఫ్రికన్ల పేరు ఏ.సి. గార్డ్స్‌లో ఉంది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్ సైనికుల బ్యారక్స్ బార్కస్ అయింది. కానీ ఆ కలిసిమెలిసి ఉండడంలో కూడా ఎవరి వాడ ఎక్కడుందో, ఎవరు ఏ బావి దగ్గరికి రాకూడదో మన వ్యాసాలు చెప్పవు. కలిసి బతికిన మొహల్లాలు కూడా వాటంతటవే విడిపోలేదు. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీ నుంచి హిందువులు, మిగతా చోట్ల నుంచి ముస్లింలు తమవాళ్లు ఎక్కువున్న చోట్లకు మళ్లారు. భయంతో మారినవాళ్లు ఇల్లు అమ్ముకున్నది ఎదుటివాడు చెప్పిన రేటుకి, కొనుక్కున్నది అక్కడ అడిగిన రేటుకి. నగరం మతాలవారీగా విడిపోవడం అంటే ఇదీ - భయం ఒక చేత్తో, దళారీ ఇంకో చేత్తో గీసిన గీత.

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఉద్యోగాలు పడమరకు నడిచాయి. 2011 జనగణనలో హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతం. కొత్త ఉద్యోగాలు పుట్టిన శివార్లన్నీ చేరిన నాటి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో వాళ్లు 12 శాతం లోపే. ఈ తేడా అంతా అద్దె నిరాకరించడం వల్లే వచ్చిందని నేననను. అది పల్లెలూ కలిసిన జిల్లా. పాత నగరం చరిత్రా వేరు, చదువుల్లో తేడాలూ ఉన్నాయి. కానీ చదువు ఉండి, ఉద్యోగం ఉండి, జీతం ఉండి కూడా పడమరకు వెళ్లలేని నా స్నేహితురాలి సంగతి ఏ చరిత్ర చెబుతుంది? దానికి జవాబు చరిత్రలో లేదు, నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంది.

భూమి ధర సంగతి చూడండి. దాన్ని పెంచుతున్నది ప్రైవేటు వ్యాపారులే అనుకుంటే పొరపాటు. ప్రభుత్వమే అందరికంటే పెద్ద రియల్ ఎస్టేట్ యజమాని. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. పార్టీ మారింది, వేలంపాట మారలేదు. ఆ ధరకు కొన్న నేల మీద లేచే ఇల్లు ఎవరికోసమో చెప్పక్కర్లేదు. అదే ప్రభుత్వం పేదలకు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఎక్కడున్నాయి? 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్లు ఒక్కచోటే ప్రారంభించారు. చార్మినార్ నుంచి ముప్ఫై కిలోమీటర్లకు పైనే. పథకం ప్రకారం ఇల్లు గృహిణి పేరునే ఇవ్వాలి. కాగితం ఆమె పేరున వచ్చింది, ఆమె పనిచేసే నాలుగు ఇళ్లు నగరంలోనే ఉండిపోయాయి. పొద్దున ఆరింటికి అంట్లు తోమాల్సిన మనిషి ముప్ఫై కిలోమీటర్ల అవతల నుంచి ఎలా వస్తుంది? స్త్రీ పేరున ఆస్తి ఇచ్చి స్త్రీ చేతిలో పని లాక్కున్న పథకాన్ని స్త్రీ సాధికారత అని పిలిచాం. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్‌లలో గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. ఆ గోడల వెనక పాచిపనితో ఇల్లు నడుపుకొచ్చే ఆడవాళ్లున్నారు. నదికి అందం కావాలట. దానికోసం ఖాళీ చేయాల్సింది మాత్రం ఎప్పుడూ వీళ్లే.

ఇక గేటెడ్ కమ్యూనిటీల్లో "మన ఏరియా మారిపోతోంది" అనే దుఃఖం ఒకటి. కూకట్‌పల్లిలో ముందొచ్చినవాళ్లు తర్వాత వచ్చిన హిందీవాళ్లను చూసి ఈ మాట అంటారు. వాళ్లు వచ్చినప్పుడు వాళ్లను చూసి ఇంకొకరు అన్నారు. 2025 ఆగస్టులో మార్వాడీలు వెళ్లిపోవాలన్న నినాదం విన్నాం. ఎవరొచ్చినా అద్దె పెరిగితే అది వచ్చినవాడి తప్పు, వేలంపాట పెట్టినవాడి తప్పు కాదు! కోపం ఎప్పుడూ పక్కింటికి పోతుంది, పైకి పోదు. ఇందులో ఇంకో విచిత్రం. ఎవరు ఎవరిని వెళ్లిపొమ్మన్నా, ఆ అపార్ట్‌మెంటు సెల్లార్లో మెట్ల కింద ఒక గదిలో ఉండే శ్రీకాకుళం వాచ్‌మెన్ కుటుంబాన్ని, పాలమూరు నుంచి వచ్చిన లంబాడా కుటుంబాన్ని ఎవరూ వెళ్లిపొమ్మనరు. ఆ గదికి కిటికీ ఉండదు. ఆ ఇల్లాలు పై అంతస్తుల్లో పనిచేస్తుంది, పైకి వెళ్లడానికి వేరే లిఫ్టు వాడుతుంది. ఊరి చివర ఉన్న వాడను మనం భవనం అడుగుకు తెచ్చుకున్నాం. దీన్ని జనాభా మార్పు అని ఎవరూ లెక్కపెట్టరు.

నాకు ఎదురయ్యే మూడు సమాధానాలు ఉన్నాయి. మొదటిది: "ఇల్లు నాది, నా ఇష్టం." మీరుంటున్న ఇంట్లోకి ఎవరిని పిలుచుకోవాలన్నది మీ ఇష్టమే. కానీ అద్దెకిచ్చే ఫ్లాటు వ్యాపారం. అద్దె ఆదాయంలో 30 శాతం మీద ప్రభుత్వం పన్ను అడగదు. ఆ ఫ్లాటు విలువ పెంచిన ఔటర్ రింగ్ రోడ్డు, మంచినీళ్ల పైపు అందరి డబ్బుతో వేసినవి. లాభం అందరి డబ్బుతో, గడప మాత్రం కొందరికి! రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర వివక్ష కూడదంది. అద్దె ఇంటిని పేరు పెట్టి చెప్పలేదు. ఆ సందులోంచే మనం నడుస్తున్నాం. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని ఒక మతంవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఒక చిన్న మైనారిటీ తనను తాను కాపాడుకోవడానికి వాడిన వాదనను బలమైన కులాలు కాలనీలకు ప్రహరీగా కట్టుకున్నాయి.

రెండోది: "మేం శాకాహారులం, వాసన పడదు." 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులని తేలింది. వందలో ఒక్కరి ముక్కు కోసం ఇన్ని 'ప్యూర్ వెజ్ ఓన్లీ' టులెట్ బోర్డులా? ఆదివారం తాము మటన్ వండుకునే ఇళ్లవాళ్లే కింది వాటాలో నీసు వండకూడదని నాతో అన్నారు. అంటే పడనిది మాంసం కాదు, కొందరి చేతి మాంసం. బీఫ్ అన్న మాట నోటికి రాకుండా ఆ బోర్డు వాళ్ల తరఫున మాట్లాడుతుంది.

మూడోది: "పిల్లలు ఎదుగుతున్నారు." ఈ మాటను మనం శ్రద్ధగా వినాలి. అసలు విషయం ఇక్కడే ఉంది. పిల్లలంటే ఆడపిల్లలు. ఎదగడమంటే ఎదురింటి అబ్బాయి కంటబడే వయసు రావడం. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి మూలం సజాతి వివాహమని, అది స్త్రీల మీద అదుపుతోనే నిలుస్తుందని చెప్పాడు. ఆ అదుపు ఇప్పుడు కాలనీ మ్యాపులోకి వచ్చింది. ఒకే కులంవాళ్లను ఒకే వీధిలో ఉంచితే సగం కాపలా తప్పుతుంది. అద్దె ఇంటి విచారణ పెళ్లిచూపులకు చెల్లెలు - అవే ప్రశ్నలు, అదే వరస, అదే చిరునవ్వు. ఆ గీత దాటినవాళ్లకు ఏమవుతుందో 2018లో మిర్యాలగూడలో చూశాం. 2022 మేలో సరూర్‌నగర్ నడిరోడ్డు మీద ముస్లిం అమ్మాయిని పెళ్లాడిన దళిత యువకుడిని ఆమె అన్నే చంపడం చూశాం. అంటే ఈ కాపలా ఒక్క మతం సొత్తు కాదు. నిరాకరణకు గురయ్యే వాడల్లో కూడా ఆడపిల్ల గడప దాటకుండా ఇదే కాపలా ఉంది. బయట తలుపులు ఎంత మూసుకుంటే లోపలి కాపలా అంత బలపడుతుంది. మనం ఒక ముస్లిం కుటుంబానికి ఇల్లు ఇవ్వనప్పుడు, ఆ ఇంటి ఆడపిల్లను ఆమె కోరుకోని మొహల్లా పెద్దల చేతికి అప్పగిస్తున్నాం. ఆ తర్వాత ఆ మొహల్లా పితృస్వామ్యం మీద సెమినార్ పెడుతున్నాం.

అందుకే గడప దగ్గర నిలబడిన ఇంటావిడ గురించి మొదలుపెట్టాను. ఆమెను దోషిగా నిలబెట్టి మగవాళ్లను వదిలేయడం నా ఉద్దేశం కాదు. మడి, వంట, ముగ్గు, ముహూర్తం - ఇంటి పవిత్రత అంతా స్త్రీ నెత్తిన పెట్టి, ఆస్తి మాత్రం పురుషుడు ఉంచుకున్నాడు. కులాన్ని కాపాడే పని జీతం లేని ఇంటిచాకిరీలో ఒక భాగం. ఆమె కాపలా కాస్తున్నది తనది కాని ఇంటికి. విడాకులైనా, భర్త పోయినా ఆమే రేపు టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరగాల్సి వస్తుంది. అప్పుడు ఒంటరి ఆడదానికి ఇల్లివ్వమని ఇంకో ఇంటావిడ అంటుంది. కానీ కారణం తెలిసినంత మాత్రాన బాధ్యత పోదు. వంటింటి చాకిరీ చేయనని అనగలిగిన మనం ఈ చాకిరీ చేయనని ఎందుకు అనలేకపోయాం?

వర్జీనియా ఊల్ఫ్ 1929 నాటి పుస్తకంలో రాయాలనుకునే స్త్రీకి తనదంటూ ఒక గది, ఏడాదికి 500 పౌన్ల ఆదాయం ఉండాలంది. ఆ గదిని మనం తరగతి గదుల్లో ఎంత పాఠం చెప్పాం! ఆ గది అద్దెది అయితే, ఓనరమ్మ ఇంటిపేరు అడిగితే ఏం చేయాలన్నది మన పాఠంలో లేదు. అప్పట్లో దళిత, ముస్లిం, బహుజన స్త్రీలు 'మన'లో ఎవరున్నారని అడిగితే సాహిత్యంలో చోటిచ్చాం. సంకలనాలు వేశాం, ముందుమాటలు రాశాం. పుస్తకంలో చోటు ఇచ్చినంత సులువుగా రెండో అంతస్తు పోర్షన్ ఇవ్వలేకపోయాం. 1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం ఈ నగరాన్ని రగిలించింది. ఇక్కడి స్త్రీ ఉద్యమం ఆ ఏడాదిని తన మొదటి పేజీల్లో రాసుకుంది. పేద ముస్లిం స్త్రీ పేరుతో మొదలైన ఉద్యమపు వారసులం మనం. అలాంటి స్త్రీ ఇవాళ మన గేటు ముందు నిలబడితే వాచ్‌మెన్ మనకు ఫోన్ చేస్తాడు. మనం ఏమంటాం?

చట్టం కావాలి. అమెరికాలో ఇళ్ల విషయంలో జాతి, మత వివక్షను నిషేధిస్తూ 1968లోనే చట్టం వచ్చింది. అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఆ చట్టం నీడలోనే ఇళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. ఇక్కడి వాళ్ల తల్లిదండ్రులు అలాంటి చట్టం లేని సౌకర్యంతో అద్దెకిస్తున్నారు. అద్దె ఇళ్లను కూడా కలుపుతూ మన పార్లమెంటులో శశి థరూర్ పెట్టిన వివక్షా వ్యతిరేక ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. దాన్ని మళ్లీ అడగాలి. ప్రభుత్వ భూమి వేలం వేసే ప్రతిచోటా, అక్కడ పనిచేసే స్త్రీలు నడిచి రాగలిగినంత దూరంలో ఇళ్లు కట్టమని అడగాలి.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. ఈ పత్రిక చదివేవాళ్లలో సొంత ఫ్లాటు ఉన్నవాళ్లు, అద్దెకిచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. అసోసియేషన్ మీటింగుకి భర్తను పంపకుండా మీరే వెళ్లండి. 'ప్యూర్ వెజ్', 'ఫ్యామిలీస్ ఓన్లీ' అన్న నిబంధన కాగితం మీద ఎక్కడుందో చూపించమనండి. అద్దెకొచ్చిన మనిషిని అద్దె కట్టగలదా అని మాత్రం అడగండి. ఇంటిపేరు అగ్రిమెంటులో ఎలాగూ రాస్తారు, అప్పుడు తెలుస్తుంది. ఇల్లు నిరాకరించబడిన స్త్రీలు ఆ సంగతి రాయండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఇక రాబోయే సభల్లో గది గురించి, స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లను నేనొక ప్రశ్న అడగబోతున్నాను. ముందే చెబుతున్నాను, సిద్ధపడి రండి. మీ ఖాళీ పోర్షన్‌లో ఇప్పుడెవరున్నారు?